తనకల్లు సీమలో పలక, పాట, సంఘము

శతవార్షికోత్సవ సంచికకు మా ప్రాంతమును గురించి ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు మేము కొంత ఆలోచించాము. ఏ గుడి ఎప్పుడు కట్టినది, ఏ గురువుగారు ఎప్పుడు వచ్చినది అను వివరములను ఈ సంచికలో ఇతరులు వ్రాయుచున్నారు. వాటిని మరల చెప్పుటకన్న, మన గ్రామ సంఘములలో చాలా కాలముగా నలుగుచున్న ఒక ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించుట మేలని మాకు తోచినది. ఆ ప్రశ్న ఇది: మన తాత ముత్తాతలు వాయించిన పలక మన ఆరాధనలో ఎందుకు లేకుండ పోయినది? గుడిలో లేని ఆ పలకే నేడు ఊరేగింపులలోను, బహిరంగ సభలలోను ఆత్మగౌరవమునకు గుర్తుగా ఎట్లు మ్రోగుచున్నది?

దీనికి సమాధానము సంగీత శాస్త్రములో దొరకదు. పలక ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి ఆజ్ఞపై మ్రోగినది, ఎవరు దానిని దించమన్నారు, ఎవరు మరల ఎత్తుకొన్నారు అని విచారించినచో మన సీమ చరిత్ర కొంత మన కండ్ల ముందు నిలుచును.

మన సీమ, దాని పేరు

తనకల్లు, కదిరి నుండి మదనపల్లెకు పోవు బాటలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నది. వాన పడితే వేరుశెనగ, పడకుంటే వలస, ఇదే ఇక్కడి జీవితము. పాలకులు ఈ నేలను పలుమార్లు ఒక చేతి నుండి మరొక చేతికి మార్చారు. 1800లో నిజాము దీనిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినందున ‘దత్త మండలములు’ అను పేరు వచ్చినది. 1882లో బళ్ళారి జిల్లా నుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచారు. మన కదిరి తాలూకా అప్పటికి కడప జిల్లాలోనే ఉండి, 1910లో అనంతపురములో చేరినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4 నుండి మనము పుట్టపర్తి కేంద్రముగా గల శ్రీ సత్యసాయి జిల్లావారము.

దత్త మండలము అనగా ఒకరు మరొకరికి ఇచ్చివేసిన భూమి. ఆ పేరు మనవారికి చిన్నతనముగా తోచినది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, అనంతపురము కళాశాలలో ఉపాధ్యాయులైన చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరును సూచించగా సభవారు అంగీకరించారు. పేరు వచ్చిన తొమ్మిదేండ్లకు, 1937లో, మన సీమ హక్కులను గూర్చి శ్రీబాగ్ ఒడంబడిక జరిగినది. ఒక పేరు ఒక ప్రాంతమును కూర్చి నిలుపగలదనుటకు ఇది నిదర్శనము.

అయితే పేరు రాకముందే మన జనమును కూర్చి నిలిపినవి పాటలు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తలచుకొందము. తవర్జీ విషయమై కంపెనీ ప్రభుత్వముతో తగవు వచ్చి, 1846లో ఆయన తిరుగబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసి, జనము భయపడవలెనని తలను కోట గుమ్మమునకు వ్రేలాడదీసి ఏండ్ల తరబడి ఉంచారు. అధికారుల కాగితములలో ఆయన తిరుగుబాటుదారుడు, దోపిడీకాడు. జానపదుల పాటలో ఆయన రేనాటి వీరుడు. దాదాపు నూరేండ్లకు పైగా ఆ పాట అచ్చు లేకుండ, ఆసరా లేకుండ, నోటి నుండి నోటికే నడచినది. తరువాత తంగిరాల వెంకట సుబ్బారావుగారి వంటి పరిశోధకులు సేకరించినందున పుస్తకములకెక్కినది. 2019లో సినిమా వచ్చినప్పుడు దేశమంతయు విన్న ఆ కథను మన పల్లెలు ఎన్నడును మరువలేదు.

సర్వాయి పాపడి కథయు ఇట్టిదే. ఓరుగల్లు వైపు కోటలు పట్టి, మొగలుల అధికారమును ధిక్కరించి, 1710లో ప్రాణము కోల్పోయిన గీత కార్మిక కుటుంబపు బిడ్డ ఆయన. ఆయన పాటను బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో ప్రకటించాడు. మనకు పొరుగుననే, గాండ్లపెంట మండలములోని కటారుపల్లెలో, వేమన సమాధి ఉన్నది. వేమన పద్యములను సి.పి. బ్రౌను 1829లో అచ్చు వేయించుటకు ఎంతో ముందే అవి కూలివాని నోట ఆడుచుండెను. పాలకుల దస్తరములు ఒక మాట చెప్పుచుండగా పాట మరొక మాట చెప్పుట మన సీమలో ఈనాటిది కాదు. పాటకు, రాజకీయమునకు గల సంబంధము ఇక్కడనే మొదలగుచున్నది.

పని పాట, కరువు పాట

పెద్దల వీరగాథలు ఒక వైపు ఉండగా, దినదినము పాడుకొన్న పాటలు మరొక వైపు ఉన్నవి. మన తాతల కాలములో బావి నుండి నీరు తోడుటకు కపిల ఉండెడిది. తోలుతో కుట్టిన పెద్ద బానను మోకుతో కట్టి, ఎద్దులను వాలుబాటలో దిగువకు తోలితే బాన నిండి పైకి వచ్చును. ఎద్దులు వెనుకకు నడచితే బాన దిగును. ప్రొద్దు పొడవక ముందే మొదలై గంటల కొలది సాగెడి ఈ పనికి కపిల పాట తోడు. ఎద్దు నడకకు తగినట్లు పాట సాగెడిది. ఎన్ని బానలు తోడినది పాటను బట్టియే లెక్క తెలియును. ఆ తోలు బానను కుట్టినది మాదిగ ఇంటి చేతులు. దానికి ప్రతిఫలముగా కళ్ళములో వారికి మేర ధాన్యము కొలిచెడివారు.

ఆయిలు ఇంజన్లు, పిమ్మట కరెంటు మోటార్లు వచ్చినవి. కపిల పోయినది. కపిలతో పాట పోయినది, పాటతోపాటు తోలు పనివాని మేర కూడ పోయినది. బోర్లు వేయుట మొదలైన తరువాత ఆ బావులే ఎండిపోయినవి. పాట అంతరించినదని మనము విచారింతుము గాని, పని మారినందున పాట మారినదని, పనితోపాటు కొందరి కూడు కూడ మారినదని గుర్తించము. కలుపు తీయు పాట, విసురురాయి పాట, వేరుశెనగ పీకుచు స్త్రీలు పాడుకొన్న పాట, అన్నిటి కథయు ఇదే.

కరువు మన సీమకు వచ్చిపోవు చుట్టము. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన మహా కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అది మొదలైన సంవత్సరము ధాత నామ సంవత్సరము. మద్రాసు రాజధానిలో లక్షలాది జనము చనిపోయిన ఆ విపత్తులో బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. 1950వ దశాబ్ది ఆరంభమున మరల కరువు వచ్చి, రాయలసీమలో గంజి కేంద్రములు తెరవవలసి వచ్చినది. ఆ బాధ నుండియే అనంతపురము జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వంగారి ‘పెన్నేటి పాట’ పుట్టి, 1956లో వెలువడినది. సంస్కృతము చదివిన పండితుడు తన కావ్యమునకు ‘పాట’ అని పేరు పెట్టుట గమనింపదగినది. సీమ బాధ చెప్పుటకు సీమ జనము వాడిన మాటయే తగినదని ఆయన ఎంచుకొన్నారనుకొందుము.

పలక చేయు విధము, అది చేసిన చాకిరి

ఇక పలక సంగతి. కోస్తాలోను తెలంగాణములోను డప్పు అను వాద్యమును మా వైపు పలక అనియు, తప్పెట అనియు అందురు. కొయ్య చట్రమును గుండ్రముగా వంచి, దానిపై తోలు బిగించి మూసెదరు. వాయించుటకు రెండు పుల్లలు. కుడిచేత పొట్టిగా లావుగా ఉండునది సిర్ర. ఎడమచేత సన్నముగా పొడవుగా ఉండునది చిటికెన పుల్ల. వాయించుటకు ముందు ఎండుగడ్డి మంట వేసి తోలును కాచవలెను. కాగని పలక పలుకదు. వానాకాలపు చెమ్మలో మాటిమాటికి మంట దగ్గరకు పోవలసినదే.

దరువులు ఒకటి రెండు కావు. పెండ్లికి ఒకటి, చావుకు ఒకటి, జాతరకు ఒకటి, చాటింపునకు ఒకటి. దూరము నుండి విన్నవాడు ఊరిలో ఏమి జరిగినదో దరువును బట్టియే చెప్పగలిగెడివాడు. ఉత్తరములు, రేడియోలు లేని కాలములో ఊరి వార్తాపత్రిక అదే. అనంతపురము ప్రాంతమునకు ప్రత్యేకమైన ఉరుముల వాద్యమును కూడ ఇక్కడ చెప్పవలెను. మేఘము ఉరిమినట్లు మ్రోగును గనుక దానికాపేరు. అమ్మవారి కథలు పాడు ఆసాదులు మరొక తెగ. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథములో ఆసాదులను బళ్ళారి ప్రాంతపు మాదిగ గాయకులుగా పేర్కొన్నాడు.

ఇంత విద్య ఉన్నవానికి ఊరిలో ఏమి గౌరవము దక్కినది? పలక లేనిదే జాతర లేదు, పెండ్లి లేదు, శవము లేవదు. అయినను పలకవాడు ఊరి బయటనే ఉండవలెను. కబురు వచ్చిన వెంటనే చేతిలోని పని విడిచి పోవలెను. రానని చెప్పు హక్కు లేదు. కూలి అడుగు హక్కు లేదు, పెట్టినది తినవలెను. పలక మోయుట వానికి కళ కాలేదు, పుట్టుకతో వచ్చిన వెట్టి అయినది. అమ్మవారి పేరు చెప్పి ఆడబిడ్డలను బసివిగా విడుచు ఆచారము కూడ ఈ జాతరలతో ముడిపడి యుండెను. దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చినది.

సంఘము పలకను దించిన కాలము

సువార్త మన సీమకు వచ్చినది ఈ పరిస్థితిలో. లండన్ మిషను వారు 1810లో బళ్ళారిలో పని ప్రారంభించి, తరువాత కడప, గుత్తి, అనంతపురము, కదిరి వైపు వ్యాపించారు. తూర్పున మదనపల్లెలో అమెరికావారి ఆర్కాటు మిషను 1863 నుండి పనిచేసినది. మాలలు, మాదిగలు కుటుంబములుగా, పల్లెలుగా సంఘములో చేరిరి.

చేరినవారు మొదట ఎదుర్కొన్న పరీక్షలలో పలక ఒకటి. ఈ విషయము ఒంగోలు ప్రాంతపు చరిత్రలో స్పష్టముగా ఉన్నది. అక్కడ 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసులకు పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవ నియమము ప్రకారము జాతరలో డప్పు వాయించుట మానవలసి వచ్చినది. డప్పు మానిన పల్లెలకు గ్రామ పెద్దలు పనులు, నీళ్ళు నిరాకరించి బాధించిన సంఘటనలు మిషను చరిత్రలో కలవు.

ఈ విషయమును ఈనాడు రెండు విధములుగా చెప్పుచున్నారు. మిషనరీలు మన కళను నాశనము చేసినారని కొందరు. అన్యాచారమును మాన్పినారు గనుక మేలే జరిగినదని కొందరు. రెండు మాటలును సగము సగమే అని మా అభిప్రాయము. ఆనాడు పలకను దించిన మనిషి మొదటిసారిగా ఊరి పెద్దతో ‘రాను’ అన్నాడు. తరతరములుగా ఆ మాట వాని నోట లేదు. ఆ మాటకు దెబ్బలు తిన్నాడు, పస్తులున్నాడు. అది మన సంఘ చరిత్రలో గర్వింపదగిన ఘట్టము. కాని వెట్టిని దించుచు వాద్యమును కూడ దించినాము. దోషము ఆజ్ఞలో ఉండగా తోలుపై మోపినాము. తండ్రి కొడుకునకు దరువు నేర్పుట మానెను. తరువాతి తరమునకు పలక అనగానే సిగ్గు అను భావము మిగిలెను.

పలక స్థానములో వచ్చినది కీర్తన. తెలుగు క్రైస్తవ కవులలో ఆద్యులైన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పర్లాకిమిడి ప్రాంతములోని బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో క్రైస్తవులైరి. భద్రాచల రామదాసు మొదలగువారి సంప్రదాయములో ఆయన వ్రాసిన కీర్తనలు నేటికిని మనము పాడుచున్నాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచిన ప్రతి పాటకు పైన రాగము, తాళము అచ్చయి ఉండును. చదువు నిరాకరింపబడిన వాడలలో ఆ పుస్తకము అక్షరము నేర్పినది, పెద్ద సంగీతములో పాలు కలిగించినది. ఆ మేలు మరువరానిది. అయితే పుస్తకములో మన పల్లె దరువులకు చోటు స్వల్పమే. రాగమునకు పేరు వ్రాసిరి, దరువునకు పేరు వ్రాయలేదు.

ఇచ్చట ఒక చిన్న సంగతి చెప్పవలెను. ఎర్ర సముద్రము దాటిన తరువాత మిర్యాము చేతపట్టిన వాద్యమును, 150వ కీర్తనలో చెప్పబడిన వాద్యమును మన తెలుగు బైబిలు ‘తంబుర’ అన్నది. తంబుర అనగానే తెలుగువాని కంటికి తీగెలు గల వాద్యము కనిపించును. కాని హెబ్రీలో ఉన్న మాట ‘తోఫ్’. అది గుండ్రని చట్రముపై తోలు బిగించి చేతితో వాయించు వాద్యము, మన పలకకు చుట్టము. సముద్రము దాటినవారు విడుదల పండుగను జరుపుకొన్నది తోలు వాద్యముతోనే. అనువాదములో ఒక్క మాట మారినందున, మన పలకవాడు తన వాద్యమును ఆ వాక్యములో చూచుకొనలేకపోయినాడు.

పల్లెలలో మాత్రము జనము తమ దారి తాము చూచుకొన్నారు. క్రిస్మసు రాత్రి కోలాటము, చెక్కభజన, బుర్రకథ పద్ధతిలో బైబిలు కథలు మన సంఘములలో సాగుచునే వచ్చినవి. పాత బాణీకి క్రొత్త మాటలు అమర్చిన ఆ అక్షరజ్ఞానము లేని తల్లుల పేర్లు ఏ పుస్తకములోను లేవు.

రాజకీయము పలకను ఎత్తుకొన్న కాలము

సంఘము దించిన పలకను తరువాత ఎత్తుకొన్నది రాజకీయము. పాటకు గల శక్తిని జాతీయోద్యమము ముందే గుర్తించినది. 1920లలో తెల్లదొరతనమును నిరసించు పాట వ్రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణగారు చెరసాలకు పోయిరి. మనకు పొరుగున మదనపల్లెలోనే, 1919 ఫిబ్రవరిలో దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ ఠాకూరుగారు తమ ‘జనగణమన’ను పాడి వినిపించి, ఇంగ్లీషులోకి అనువదించగా, మార్గరెట్ కజిన్స్‌గారు దాని బాణీని స్వరములలో వ్రాసి పెట్టిరి. దేశమంతయు పాడు పాటకు స్వరలిపి దొరకిన చోటు మన బాటకు అవతలి కొస.

1943లో ప్రజా నాట్యమండలి ఏర్పడినది. జంగము కథలను, తంబుర కథలను కూలిగింజలకై ఊరూర చెప్పుకొను కళాకారుల రూపమును తీసికొని, వారు రైతు కూలీ సమస్యలను బుర్రకథలుగా చెప్పిరి. షేక్ నాజర్‌గారి గొంతు ఆంధ్ర దేశమంతట మ్రోగినది. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చినది. 1972లో జన నాట్యమండలి వచ్చినది. 2023లో మరణించిన గద్దరుగారు డప్పును, గొంగళిని వేదికనెక్కించిరి. తెలంగాణ ఉద్యమములో ‘ధూం ధాం’ సభలు ఎంత పని చేసినవో అందరికిని తెలియును. 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రమునకు పాట పునాది అనువారున్నారు.

అయితే ఆ పాటలలో డప్పు తోడుగా వచ్చినది గాని, డప్పు వాయించు మనిషి సంగతి వెనుకబడినది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన ఘోరము తరువాత, 1991 ఆగస్టు 6న చుండూరు తరువాత, దళిత సభలలో ఆ మనిషియే ముందుకు వచ్చినాడు. 1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణగారి నాయకత్వమున ప్రారంభమైన ఉద్యమమునకు పెట్టుకొన్న పేరే ‘దండోరా’. ఏ చాటింపు వెట్టిగా చేయవలసి వచ్చెనో ఆ చాటింపు పేరునే హక్కుల పోరాటమునకు పెట్టుకొనిరి. కులము పేరును దాచుకొనుట మాని ఇంటిపేరుగా చెప్పుకొన్నారు. ముప్పది ఏండ్ల తరువాత, 2024 ఆగస్టు 1న షెడ్యూల్డు కులముల వర్గీకరణ రాష్ట్రములు చేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని అమలులోనికి తెచ్చినది. డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వము నెలసరి పింఛను ఇచ్చుచున్నది. 2024 జూలై నుండి అది 4,000 రూపాయలు. ఊరి బయట నిలబెట్టిన పలకవానిని ప్రభుత్వ కాగితము నేడు కళాకారుడని పిలుచుచున్నది.

ఈ మార్పు మన సంఘములకు సంతోషముతోపాటు చిక్కును కూడ తెచ్చినది. దాచుట ఎందుకు? మన సంఘములలో మాలలు, మాదిగలు ఒకే బల్ల యొద్ద కూర్చుందురు. వర్గీకరణ విషయములో ఇరువురి మాట ఒకటి కాదు. పలక మ్రోగితే అది ఎవరి పలక అను ప్రశ్న వచ్చును. ఇంకొక చిక్కు చట్టము వలన వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైనవారికి షెడ్యూల్డు కులపు గుర్తింపు లేదు. ఆ గుర్తింపు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది. మనవారిని మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో చేర్చిరి. అందుచేత పలక కులమును చెప్పును, కాగితము మతమును చెప్పును, మనిషి రెండింటి నడుమ నలుగును. పలక పట్టుటకు మనలో కొందరు జంకుటకు సిగ్గు ఒక్కటే కారణము కాదని గ్రహింపవలెను.

పొరుగువారి అనుభవము

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. తమిళనాట పలకకు అన్న వంటిది పరై. ఆ వాద్యము పేరు మీదనే ఒక జాతికి పేరు పడి, ఆ పేరే తిట్టుగా మారినది. మధురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో బోధించిన థియోఫిలస్ అప్పావుగారు (1940–2005) ఆ పరైనే, ఆ జానపద బాణీలనే తీసికొని ఆరాధన క్రమము కూర్చిరి. వ్యవసాయ కూలీలు పాడుకొను బాణీలోనే ప్రార్థన ఉన్నప్పుడు వారు దేవుని ముందు పరాయివారుగా నిలబడరని ఆయన నమ్మకము. సత్యనాథన్ క్లార్క్‌గారు 1998లో ప్రకటించిన గ్రంథములో, వ్రాత లేని జనమునకు డోలే వారి గ్రంథము వంటిదని వివరించిరి. రోమను సంఘమువారు కూడ 1963లో, రెండవ వాటికన్ మహాసభలో, ఆయా జనముల స్వంత సంగీత సంప్రదాయములకు ఆరాధనలో తగిన స్థానము ఇయ్యవలెనని నిర్ణయించిరి.

వీరి అనుభవము నుండి ఒకటి తెలియుచున్నది. వాద్యమునకు తనంత తానుగా అవమానము లేదు, గౌరవమును లేదు. ఒకని ఆజ్ఞపై, రానని చెప్పు వీలు లేక వాయించినప్పుడు అది వెట్టి. తన ఇష్టముతో, తన వారి నడుమ, తగిన ప్రతిఫలముతో వాయించినప్పుడు అదే పలక విద్య అగును. మన పెద్దలు వెట్టిని మానినారు, అది సరియైన పని. రాజకీయము పలకకు గౌరవము తెచ్చినది, అదియు సరియైన పనియే. ఈ రెండింటిని కలుపుకొనుట మన తరమునకు మిగిలిన పని.

నేడు మనము చేయవలసినది

కాలము మన కొరకు ఆగదు. తోలు పలకల స్థానములో ఫైబరు పలకలు వచ్చినవి. వాటికి మంట అక్కరలేదు, వానలోను పలుకును. పెండ్లికి బ్యాండు సెట్టు, ఊరేగింపునకు డీజే పెట్టెలు వచ్చినవి. యువకులు పని కొరకు బెంగుళూరు బస్సెక్కుచున్నారు. తండ్రి యొద్ద కూర్చుండి దరువు నేర్చుకొను తీరిక లేదు. చావు దరువు ఒక్కటే తెలిసినవారు ఉన్నారు గాని, పూర్వపు దరువులన్నియు తెలిసిన వృద్ధులు వేళ్ళమీద లెక్కింపదగినంత మంది. వారు పోయినచో అవి మరల రావు. నరసింహారెడ్డి పాటకు సేకరించువారు దొరకిరి. కపిల పాటలలో చాలావరకు దొరకకుండనే పోయినవి.

కనుక మేము సంఘస్థులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదటిది, ప్రతి గ్రామ సంఘములోను పలక తెలిసిన పెద్దలను గౌరవముతో పిలిచి, ఏ దరువు పేరు ఏమి, ఏ సందర్భమునకు వాయింతురు, ఎవరి యొద్ద నేర్చిరి అను వివరములతో సెల్‌ఫోనులోనైనను రికార్డు చేసి, సంఘ పుస్తకములలో వ్రాసి ఉంచవలెను. బాప్తిస్మపు రిజిస్టరును ఎంత భద్రముగా ఉంచుదుమో దీనిని అంత భద్రముగా ఉంచవలెను. రెండవది, క్రిస్మసు, పంట పండుగ ఆరాధనలలో పలకను, చెక్కభజనను, కోలాటమును తీసికొని రావలెను. ఇష్టము లేనివారిని బలవంతము చేయరాదు, ఎందుకనగా బలవంతమును తప్పించుకొనుటకే మన పెద్దలు అన్ని బాధలు పడిరి. మూడవది, వాయించినవారికి కూలి ఇయ్యవలెను. ఊరివారు పెట్టినది తినుమన్నట్లు మనము చేయరాదు. నాలుగవది, మాల ఇంటి పిల్లలు, మాదిగ ఇంటి పిల్లలు, ఆడపిల్లలు కూడ కలిసి నేర్చుకొనవలెను. అప్పుడు పలక ఎవరిది అను ప్రశ్నకు సమాధానము మాటలతో చెప్పనక్కరలేదు.

నూరేండ్ల చరిత్రను తలచుకొనునప్పుడు కట్టిన గుళ్ళను, పెట్టిన బడులను, వచ్చిన గురువులను కృతజ్ఞతతో లెక్కించుచున్నాము. వారితోపాటు ఊరి పెద్దకు ‘రాను’ అని చెప్పి పలకను గోడకు తగిలించిన ఆ పేరు తెలియని మనుష్యులను కూడ తలచుకొందము. ఆ పలకను గోడ నుండి దించి, కాచి, మన ఇష్టముతో మన ప్రభువు ఎదుట వాయించుటకు మనకు ఈనాడు అడ్డమేమియు లేదు.